ఆసుపత్రి పెట్టెలో సున్నా

"ఈ సున్నా సంగతేంటి?"

బావ అడిగింది అక్కని. చూసింది మాత్రం నన్ను.

చేతిలో ఫోను. ఫోనులో మా పత్రిక పేజీ. ఆ పేజీలో, గంట క్రితం లెక్కింపు హాల్లోంచి నేను పంపిన పట్టిక. మా వార్డులో ఏ పెట్టెలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో వరసగా రాసి పంపాను. మొత్తం తొమ్మిది పెట్టెలు. ఎనిమిదింట్లో బావకి వందల్లో పడ్డాయి. తొమ్మిదోది ఆసుపత్రి పెట్టె. డ్యూటీ వదిలి రాలేని నర్సుల కోసం ఆసుపత్రిలోనే పెట్టిన చిన్న పెట్టె. అందులో ఇరవై మూడు ఓట్లు. బావ మీద నిలబడ్డ మాస్టారికి పంతొమ్మిది, మూడో అభ్యర్థికి మూడు, చెల్లనిది ఒకటి. బావకి సున్నా.

ఆ ఇరవై మూడు మందిలో మా అక్క కూడా ఉంది.

"అడుగుతున్నాను," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. పెంచే వీల్లేదు. వరండా అవతల వీధి నిండా జనం, డప్పులు, ఈలలు. రెండు వందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచిన మనిషి ఇంట్లో కేకలేస్తే ఏం బావుంటుంది?

అక్క సోఫా చివర కూర్చుని ఉంది. డ్యూటీ నుంచి వచ్చి మూడు గంటలైనా పొడుగు చేతుల స్వెట్టర్ విప్పలేదు.

"గెలిచిన పూట ఏం రగడరా ఇది?" అంది బావ వాళ్లమ్మ కళ్లద్దాలు వెతుక్కుంటూ. నేనూ ఆవిణ్ణి అత్తయ్యా అనే పిలుస్తాను. "సున్నా అంటే? అసలు పడలేదా?"

"సున్నా అంటే అదేనమ్మా."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

అత్తయ్య పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. ఆ లెక్క నాకు తెలుసు. దారిలో ఆటోలో కూర్చుని నేనూ అదే లెక్క వేసుకుంటూ వచ్చాను. కోడలి ఓటు కొడుక్కి పడితే సున్నా కాస్తా ఒకటవ్వాలి. పెద్దావిడ ఆలస్యంగానైనా అక్కడికి చేరుకుని, అద్దాలు సర్దుకుని, అక్క వైపు తిరిగింది.

"మరి నీదేమైందే?"

అక్క స్వెట్టర్ చేతిని ఇంకాస్త కిందికి లాక్కుంది.

బయట "అన్నా! అన్నా!" అని అరుపులు మొదలయ్యాయి. బావ ఫోను జేబులో పెట్టుకుని వరండాలోకి వెళ్లాడు. గుమ్మం దాటేలోపు మొహానికి నవ్వొచ్చేసింది. రెండు చేతులూ ఊపాడు, ఎవరినో పేరు పెట్టి పిలిచాడు, జోకేశాడు, అందరూ నవ్వారు. లోపలికి రాగానే ఆ నవ్వు తీసేశాడు, చెప్పులు విప్పినంత తేలిగ్గా.

"ఊఁ. చెప్పు."

"ఓటు రహస్యం అంటారుగా," అంది అక్క నేల చూస్తూ.

"రహస్యమా? ఎక్కడుందమ్మా రహస్యం? మీ చెల్లెలు ఊరంతటికీ వినిపించింది కదా!"

ఆ మాట సూటిగా వచ్చి నాకు తగిలింది. తగలాల్సిందే.

ఉద్యోగంలో చేరి నలభై రోజులు. మొదటి ఎన్నికల రాత్రి. అధికారి ఒక్కో పెట్టె అంకెలు పైకి చదువుతుంటే తాడు ఇవతల బెంచీ మీద కూర్చుని చెయ్యి నొప్పి పుట్టేలా రాసుకున్నాను. ఆసుపత్రి పెట్టె చదివేటప్పుడు నా పక్కనున్న వేరే పత్రిక ముసలి విలేకరి పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, గ్లాసులో టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. పాపం, వయసైపోయింది, చెవులు పోయాయి అనుకున్నాను. నేను మాత్రం ఒక్క అంకె వదల్లేదు. సున్నా కింద గీత కూడా గీశాను. వాళ్ల పత్రిక కంటే పదకొండు నిమిషాల ముందు పట్టిక పంపి, గొప్ప పని చేశాననుకుని హాలు బయట నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. బావ తరఫున లోపల కూర్చున్న మనిషి కూడా ఆ సున్నా విన్నాడు. ఆయన తెలివైనవాడు, విని మింగేశాడు.

"బావా," అన్నాను. "అది నా తప్పేమో. తొందరలో రాశాను కదా. పది అయ్యుంటుంది. ఒకటి ఎగిరిపోయుంటుంది."

బావ నా వైపు చూశాడు. ఒక్క క్షణం మొహం కాస్త వదులైంది. నా గుండె కూడా కాస్త కుదుటపడింది. అంతలో ఫోను మళ్లీ తీశాడు. పదిహేనేళ్లుగా హార్డువేర్ షాపులో నోటితో కూడికలు వేసే మనిషి.

"పంతొమ్మిదీ మూడూ ఇరవై రెండు. చెల్లనిది ఒకటి, ఇరవై మూడు. మొత్తం ఇరవై మూడని నువ్వే రాశావ్. నీ పది ఎక్కడ పెట్టను మరదలా?"

నేను అబద్ధం ఆడటంలో కూడా కొత్తదాన్నే.

"సరే. విను," అన్నాడు. "మీ ఆఫీసుకి ఫోన్ చెయ్. పొద్దున పేపర్లో ఆ సున్నా కనబడకూడదు. ఏం చేస్తావో నాకు తెలీదు. ఇంకో సంగతి. ఆసుపత్రి కమిటీలో వార్డు మెంబరు ఉంటాడు, తెలుసుగా? ఎవరికి ఏ డ్యూటీ, ఎవర్ని ఏ ఊరికి పంపాలి, అన్నీ అక్కడే తేలతాయి. ఇరవై రెండు మంది పేర్లు తెప్పించుకోవడం నాకెంతసేపు?"

"ఇరవై మూడు కదరా," అంది అత్తయ్య.

"ఇరవై మూడోది ఇంట్లోనే ఉందిగా."

మళ్లీ "అన్నా" అన్నారు. మళ్లీ నవ్వు తగిలించుకుని వెళ్లాడు.

అక్క లేచింది. "టీ పెడతాను," అంది ఎవరితోనో చెబుతున్నట్టు. ఆ ఇంట్లో ఆ సమయంలో టీ ఎవరికి కావాలి? నేను వెనకాలే వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య మమ్మల్ని చూసి కూడా కదల్లేదు. టీవీలో అదే వార్డు అంకెలు కింద పరుగులు తీస్తున్నాయి.

అక్క గిన్నెలో నీళ్లు పోసింది. పొయ్యి వెలిగించింది. కుడి చేత్తోనే అన్నీ చేసింది.

"క్షమించక్కా," అన్నాను. "నాకు తెలీక..."

"నాకూ తెలీదే పిచ్చుకా." చిన్నప్పుడు వాగుతూనే ఉండేదాన్నని అక్క పెట్టిన పేరు అది. "నేనొక్కదాన్నే అనుకున్నా. వందల్లో పడతాయి, అందులో ఒకటి తగ్గితే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. వేసి వచ్చాక ఎవరం ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. సెలవుల గురించి మాట్లాడుకున్నాం. అంతే."

"మరి వాళ్లందరూ ఎందుకలా వేశారు? బావంటే వాళ్లకేం కోపం?"

అక్క నా మొహంలోకి చూసింది. నేను నిజంగానే అడుగుతున్నానా, నటిస్తున్నానా అని చూసినట్టుంది. తర్వాత స్వెట్టర్ చెయ్యి పైకి లాగింది. ఎడమ మణికట్టు నుంచి మోచేతి సగందాకా కట్టు.

ఆ కట్టు నేను చూడంది కాదు. పదిహేను రోజులైంది. మెట్ల మీద జారానంది. అయ్యో అన్నాను. మందు పూస్తానంటే వద్దంది. సరేనని, బావ గుర్తున్న కాగితాల కట్ట చంకన పెట్టుకుని ప్రచారానికి పోయాను.

"ఇది మూడోసారి," అంది అక్క. "మూడుసార్లూ రిజిస్టర్లో మెట్ల మీద జారిపడ్డానని రాయించా. ఈసారి పెద్ద సిస్టర్ కట్టు కడుతూ అడిగింది, మీ ఇంటికి మెట్లెన్నమ్మా అని."

"ఏం చెప్పావ్?"

"రెండు అన్నా."

రెండే. వరండా ముందు రెండు మెట్లు. పక్కింటి మూడేళ్ల పిల్ల రోజూ వాటిమీంచి దూకి ఆడుకుంటుంది.

"ఆవిడ ఇంకేం అడగలేదు. జారిపడింది అనే రాసింది. రాసి, పెన్ను మూసి, నా తల నిమిరింది. ఆ రోజు గదిలో ఎవరెవరున్నారో కూడా నేను చూళ్లేదు. అందరూ ఉన్నట్టున్నారు."

నీళ్లు మరగడం మొదలైంది. అక్క టీపొడి వెయ్యలేదు.

"నువ్వు ఆ గోడ పక్కనే పడుకుంటావుగా," అంది మెల్లగా. "నీకేమీ వినబడేది కాదా?"

అందులో నిందేమీ లేదు. ఉంటే బావుండేది. పోట్లాడేదాన్ని. వినబడేది. ఏదో పడిన చప్పుడు వినబడేది, అక్క గొంతు సగంలో ఆగిపోవడం వినబడేది. మొగుడూ పెళ్లాల గొడవలు మనకెందుకని చెవుల్లో పాటలు పెట్టుకునేదాన్ని. వీధి చివర పైపు పగిలిందంటే పరిగెత్తుకుంటూ వెళ్లి ఫోటో తీసి రాసినదాన్ని. రెండేళ్లు వాళ్లింట్లో తిని, వాళ్ల వెనక గదిలో పడుకుని, గోడ అవతల సంగతి మాత్రం తెలుసుకోలేదు. తెలుసుకోలేదంటే అదీ అబద్ధమే. తెలుసుకోవాలనుకోలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నువ్వెవరికేశావే?" అంది అక్క ఉన్నట్టుండి.

"బావకే."

అక్క నవ్వింది. ఆ నవ్వు చూడలేక మరిగే నీళ్ల వైపు చూశాను.

"పర్లేదులే. వార్డుకి మంచే చేస్తాడు. చెప్పినట్టే కుళాయిలు వేయిస్తాడు చూడు."

నా ఫోను మోగింది. ఆఫీసు. మా డెస్కు పెద్దాయన. వెనకాల అందరం ఎర్రపెన్ను అంటాం, ఎదురుగా సార్ అంటాం.

"కొత్తమ్మాయ్, ఆసుపత్రి పెట్టె విడిగా ఎందుకు పెట్టావ్?"

"అధికారి విడిగానే చదివారు సార్."

"ఆయన చదువుతాడు. అది ఆయన పని. ఓట్లు వందకి లోపుంటే మనం ఆ పెట్టెని పక్క పెట్టెలో కలిపి రాస్తాం. ఎవరు ఎటు వేశారో ఊరికి తెలిసిపోకూడదని. ముప్పై ఏళ్లుగా ఈ ఆఫీసులో అంతే. అవతలి పత్రికలోనూ అంతే."

చెవి మీద పెన్సిల్ పెట్టుకుని టీ ఊదుకున్న ముసలాయన కళ్లముందు కనిపించాడు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి.

"నాకెవరూ చెప్పలేదు సార్."

"చెప్పలేదు. కామా ఎక్కడ పెట్టాలో పదిసార్లు చెప్పాను, ఇది చెప్పలేదు. తప్పులో సగం నాది. ఫోన్లలో వచ్చే పేజీ ఇప్పుడే మార్చాను. ఆసుపత్రిని గ్రంథాలయం పెట్టెలో కలిపేశాను. అచ్చులోనూ అలాగే వస్తుంది. పన్నెండింటికి పేజీ అచ్చుకి వదిలేస్తాం."

"చూడాల్సినవాళ్లు చూసేశారు సార్."

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది.

"మీ బావేనా?"

"ఊఁ."

"ఆ పెట్టెలో మీవాళ్లెవరైనా ఉన్నారా?"

"అక్క."

ఆయన గొంతు మారింది. నలభై రోజుల్లో ఎర్రపెన్ను నాతో అలా మాట్లాడటం అదే మొదలు.

"మీ అక్కని తీసుకుని ఇక్కడికి వచ్చెయ్ తల్లీ. కారణాలేం చెప్పక్కర్లేదు. రాత్రంతా పదిమందిమి ఉంటాం."

ఫోను పెట్టేశాను. అక్కకి అన్నీ వినబడ్డాయి. వంటిల్లు ఎంతని? పొయ్యి ఆపింది.

"కలిపేశారా?"

"కలిపేశారు. సున్నా ఇంక ఎక్కడా కనబడదు. బావకి కావాల్సిందీ అదేగా," అన్నాను. నా నోరు చేదుగా ఉంది. నర్సుల్ని కాపాడటానికి ఎవరో మంచి మనుషులు పెట్టుకున్న అలవాటు, చివరికి బావ పరువు కాపాడింది.

"మంచిపనే చేశారు," అంది అక్క. "వాళ్ల ఓట్లు వాళ్లవి. వాటిని వీధిలో పెట్టే హక్కు నీకూ లేదు, నాకూ లేదు. నా సంగతి నేను చెప్పుకోవాలి గానీ, పాపం వాళ్లచేత చెప్పించకూడదు." కొంచెం ఆగి, "మీ ఆఫీసెంత దూరం?" అంది.

"నడిస్తే పావుగంట. మూల దగ్గర కుడివైపు తిరిగితే తిన్నగా అదే వీధి. పదక్కా, వెనక తలుపులోంచి..."

"వెనక తలుపుకి తాళం ఉంది. తాళంచెవి ఆయన జేబులో ఉంది."

అది కూడా నాకు తెలీదు.

బావ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "అయిందా?"

నా ఫోను చూపించాను. పట్టికలో ఎనిమిది పెట్టెలే ఉన్నాయి. వేలితో పైకీ కిందికీ తోసి చూసుకున్నాడు. తృప్తిగా తలూపాడు.

"శభాష్ మరదలా. చదువుకున్నదానివి అనిపించావ్." తర్వాత అక్క వైపు తిరిగాడు. "ఊరికి కనబడదు. మనిద్దరికీ తెలుసు. మిగతాది వీళ్లందరూ వెళ్లాక తేల్చుకుందాం. తొందరేం లేదు, రాత్రంతా ఉంది."

ఎంత మామూలుగా అన్నాడో! షాపులో కుర్రాడితో మేకుల పెట్టె లోపల పెట్టమన్నట్టే అన్నాడు.

వీధిలో కేకలు మారాయి. "వదినమ్మా! వదినమ్మ రావాలి!" ఎవరో మైకులో కూడా అంటున్నారు. "ఫోటో! ఇద్దరిదీ ఒక ఫోటో!" ఆ గొంతు గుర్తుపట్టాను. మా పత్రిక ఫోటోగ్రాఫర్ వచ్చాడు.

"పద," అన్నాడు బావ. "రెండు నిమిషాలు నవ్వు. చాలు. ఆ స్వెట్టర్ చెయ్యి కిందికి లాగు."

అక్క లాక్కుంది. జుట్టు సర్దుకుంది. చెప్పులేసుకుంది. ఇంట్లోంచి వరండాలోకి వెళ్లడానికి చెప్పులెందుకని బావకి తట్టలేదు. నాకు తట్టింది.

ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. లైట్లు కళ్లలో పడుతున్నాయి. నేను గుమ్మం లోపల, అత్తయ్య నా పక్కన. బావ మైకు అందుకుని, "ఈ గెలుపు నాది కాదు, మీ వదినది!" అన్నాడు. డప్పులు మోగాయి. గెలిచినవాళ్లు చేసేదే చేశాడు. అక్క చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

అలవాటున్న చెయ్యి. మణికట్టు దగ్గరే పట్టుకున్నాడు. ఎడమదే.

అక్క నోట్లోంచి చప్పుడు రాలేదు గానీ మొహం తెల్లబోయింది. స్వెట్టర్ చెయ్యి మోచేతి దాకా జారిపోయింది. అంత వెలుగులో తెల్లటి కట్టు ఊరంతటికీ కనబడింది. ఫ్లాష్ మెరిసింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. జనం కేరింతలు కొట్టారు. ముందు వరసలో ఒకావిడ మాత్రం చప్పట్లు ఆపేసింది.

అక్క చెయ్యి విడిపించుకుంది. పెనుగులాడలేదు. అంతమంది ముందు బావ గట్టిగా పట్టుకోలేకపోయాడు. వెనక్కి తిరిగి ఒక్కసారి నన్ను చూసింది, మెట్ల వైపు నడిచింది.

"మెట్ల దగ్గర జాగ్రత్త..." అంది అత్తయ్య, అలవాటుగా. అని, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి వెనకనుంచి నన్ను చూసిన చూపులో ఆవిడకి ఎన్నేళ్లుగా ఏమేం తెలుసో నాకర్థమైంది. అడగాలనిపించలేదు.

ఒక మెట్టు. రెండో మెట్టు. అక్క జారలేదు. తడబడనైనా లేదు. జనం దారిచ్చారు. కొందరు చేతులు జోడించారు. అందరి మధ్యలోంచీ వీధిలోకి నడిచింది.

బావ మైకు దించలేదు. మనిషి తెలివైనవాడు.

"చూశారా! గెలిచిన రాత్రి కూడా డ్యూటీకి పోతోంది మీ వదిన! సేవంటే అదీ!"

చప్పట్లు మారుమోగాయి. మా అక్క మొగుణ్ణి వదిలి పోతుంటే వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. అంత చేదు నవ్వు నాకు అంతకుముందెప్పుడూ రాలేదు.

మూల దగ్గర ఆసుపత్రికి ఎడమవైపు వెళ్లాలి. అక్క కుడివైపు తిరిగింది. బావ అది చూశాడు. కుడివైపు ఏముందో ఆయనకీ తెలుసు. మైకు పక్కవాడి చేతిలో పెట్టి, ఇప్పుడే వస్తానని వేలు చూపించి లోపలికి వచ్చాడు.

నా చేతిలో ఫోను మోగింది. ఎర్రపెన్ను.

"కొత్తమ్మాయ్, ఫోటో వచ్చింది. చాలా బాగుంది. మొదటి పేజీకే వేస్తున్నాం. కింద ఏం రాయాలో చెప్పు. గెలిచినాయన, పక్కన భార్య. ఇంతకీ ఆ చేతికి కట్టేంటి?"

బావ నా ఎదురుగా నిలబడ్డాడు. మొహాన నవ్వు లేదు.

"ఎవరు? ఇలా ఇవ్వు ఫోను."

వెనక తలుపుకి తాళం. ముందు తలుపుకి బావ. అక్క ఇన్ని రాత్రులు ఎక్కడ నిలబడిందో నేనిప్పుడు అక్కడే నిలబడి ఉన్నాను.

"కట్టు సంగతి ఆవిడే చెబుతుంది సార్," అన్నాను ఫోనులో. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నడిచి మీ దగ్గరికే వస్తోంది. వచ్చేదాకా పేజీ ఆపండి."

బావ తలుపు మూసి గడియ పెట్టాడు. బయట అక్క కోసం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.